కలివి కోడి కూత: కంటపడని పిట్టకు చెవి సాక్ష్యం

లంకమల కొండల కింద, కంపచెట్ల మధ్య, పొద్దుగూకిన ముప్పావు గంటకు ఒక కూత వినపడుతుంది. వినపడితే. ఉన్నవి రెండే ముక్కలు: ట్విక్-టూ... ట్విక్-టూ... సెకనుకు ఒకటి చొప్పున. ఒక్కోసారి రెండుసార్లు కూసి ఊరుకుంటుంది, ఒక్కోసారి ఇరవై దాకా సాగదీస్తుంది. మొత్తం కలిపి కొద్ది నిమిషాల వ్యవహారం. ఆ తర్వాత రాజ్యం కీచురాళ్లది. ఆ కొద్ది నిమిషాల్లో మీరు అక్కడ లేకపోయినా, ఉండి దగ్గుతూ కూర్చున్నా, ఆ రోజుకు మీ వరకు కలివి కోడి లేనట్టే.

ఒక పిట్ట ఫలానా చోట ఉందని చెప్పాలంటే ఫొటో చూపిస్తే సరిపోతుంది. ఫొటోకు దొరకని పిట్టలతోనే చిక్కు. రాత్రిళ్లు తిరిగేవి, అలికిడికి పొదలో దూరేవి, వేల ఎకరాల్లో పదో ఇరవయ్యో మిగిలినవి. వీటి విషయంలో చేతికందే ఆధారం చాలాసార్లు శబ్దం ఒక్కటే. దాన్ని ఎంతవరకు నమ్మాలి? వినపడకపోతే పిట్ట లేదనుకోవచ్చా? ఇలాంటి ప్రశ్నలకు లోకంలో ఎక్కడెక్కడో ఉదాహరణలు వెతుకుతారు. మనకు కడప జిల్లాలోనే ఉంది.

నిజానికి పిట్టల్ని చెవితో గుర్తుపట్టడం మనకు కొత్త కాదు. కాకి పేరులోనే దాని అరుపు ఉంది. రాత్రిపూట తీతువు అరిస్తే ఏదో చెడు కబురు వస్తుందని గుండెలు పట్టుకునేవాళ్లలో చాలామంది ఆ పిట్ట ముఖం ఎన్నడూ చూసి ఉండరు. పగలే పొలం గట్టున దర్జాగా నడుస్తూ కనిపించినా అదే ఇదని పోల్చుకోరు. కలివి కోడికి తెలుగువాళ్లు ‘అడవి ఉతతిత్తి’ అని పేరు పెట్టుకున్నారని పాత ఇంగ్లిషు పుస్తకాల్లో ఉంది. ఆ ‘తిత్తి’ కూడా కూతలోంచి వచ్చిందేనని నా ఊహ. అదే నిజమైతే, శాస్త్రవేత్తలు తర్వాత ఏళ్ల తరబడి వెతికిన సంగతి ఎవరో వేటగాడికి ఎప్పుడో తెలిసే ఉంటుంది.

దొరికీ మూగగానే

కలివి కోడిని ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. థామస్ జెర్డాన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు పేరు మీద వచ్చిందది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దాన్ని శాస్త్ర గ్రంథాలకెక్కించాడు. పిట్ట పొడవు 27 సెంటీమీటర్లు, అంటే జానెడు మీద కాస్త. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, పొడవాటి కాళ్లు. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి కలివి కోడి. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని తిరిగి కనుక్కున్నాడు. అంతకుముందు ఊరూరా తిరిగి పిట్ట బొమ్మ చూపించి అడిగాడు. రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుతురులో దాన్ని పట్టుకొచ్చాడు. ఆ పిట్ట బతకలేదు. దాని చర్మం సొసైటీ భద్రపరిచిన నమూనాల్లో చేరింది. వెనకటి రోజుల్లో ఆధారమంటే ఇదే, చచ్చిన పిట్ట. జెర్డాన్ కాలంలో తుపాకీ పేలకుండా ఏ కొత్త పిట్టా రుజువయ్యేది కాదు. తిరుగులేని సాక్ష్యమే, కానీ మిగిలినవే కొన్ని అయినప్పుడు ఆ పద్ధతి ఎవరు మాత్రం ఒప్పుకుంటారు?

ఆ తర్వాత ఆ ప్రాంతంలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పిట్ట ఉందని తెలుసు, ఏ రకం అడవిలో ఉంటుందో కూడా తెలుసు. అయినా ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తేలలేదు. ఎందుకంటే దాని కూత ఎలా ఉంటుందో ఎవరికీ ఖాయంగా తెలీదు. రాత్రిళ్లు టార్చిలతో కంపల్లో తిరగడం, దారుల్లో మెత్తటి మట్టి పరిచి పొద్దున్నే కాలి గుర్తులు వెతకడం, పొదల పక్కన ఆటోమేటిక్ కెమెరాలు కట్టడం, ఇవే ఉన్న దారులు. మట్టి పరిచే ఉపాయం నాకు భలే నచ్చింది, పల్లెటూరి బుర్రలో పుట్టినట్టుంది. కానీ పిట్ట సరిగ్గా ఆ పట్టీ మీద నడవాలి కదా.

పి. జగన్నాథన్, సైమన్ వోటన్ అనే పరిశోధకులు కూతను మొదటిసారి రికార్డు చేసిన వివరాలు 2004లో అచ్చయ్యాయి. పిట్ట మళ్లీ దొరికిన పద్దెనిమిదేళ్లకు! కూత తెలిశాక వెతకడం తీరే మారిపోయింది. కారణం చిన్న లెక్క. కంపల్లో టార్చి వెలుతురు మహా అయితే 20 మీటర్లు పారుతుందనుకుందాం. నిశ్శబ్దంగా ఉన్న సందెవేళ కూత 200 మీటర్ల నుంచి వినపడుతుందనుకుందాం. దూరం పదింతలే. కానీ మీ చుట్టూ గీసే వలయం విస్తీర్ణం వందింతలు. కంటితో వంద రాత్రులు తిరిగితే చుట్టబెట్టే నేలను చెవితో ఒక్క సాయంత్రం కూర్చుని తడమొచ్చు.

ఇది పరిశోధకుల సరదా కోసం కాదు. కృష్ణా నీళ్లను చెన్నై వైపు తీసుకెళ్లే తెలుగుగంగ కాలువ పనులు 2005లో కలివి కోడి ఉండే నేలలోకి వచ్చాయి. అప్పుడు కాలువ దారి మార్చాలని గట్టిగా అడగగలిగారంటే, పిట్ట ఫలానా చోట ఉందని చూపించడానికి చేతిలో వివరాలు ఉండబట్టే. చివరికి దారి మార్చారు. ‘ఇక్కడెక్కడో ఉంటుందట’ అంటే ప్రొక్లెయినర్ ఆగదు.

శబ్దాన్ని చూడటం

అయితే ‘నేను విన్నాను’ అనడం ఒకటి, రికార్డు ఉండటం ఒకటి. చెవులారా విన్నా సరే, విన్నవాడి మాట విన్నవాడి మాటే. పక్కన ఇంకొకరున్నా ఇద్దరూ కలిసి పొరబడొచ్చు, ముఖ్యంగా ఆ పిట్ట కోసమే వేల కిలోమీటర్లు వచ్చి ఉంటే. ఆశ చెవులకు చాలా వినిపిస్తుంది. రికార్డు చేస్తే ఆ శబ్దం విన్నవాడి నుంచి విడిపోతుంది. అక్కడ లేనివాళ్లు, ఆ పిట్ట ఉందని నమ్మనివాళ్లు, ఇంకా పుట్టనివాళ్లు కూడా దాన్ని పరీక్షించొచ్చు.

పరీక్షించడమంటే మళ్లీ మళ్లీ వినడమే కాదు, శబ్దాన్ని బొమ్మగా గీయించి చూడటం. దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం ఎత్తు, శబ్దం గట్టిగా ఉన్నచోట ముదురు మచ్చ. సంగీతం స్వరలిపిని యంత్రం రాసినట్టు ఉంటుంది. రెండు కూతలు చెవికి ఒకేలా అనిపించినా బొమ్మలో ఒకటి కొండలా పైకి వంగి ఉండొచ్చు, ఒకటి నిటారు గీతలా ఉండొచ్చు. మధ్యలో విరామం పదో వంతు సెకను తేడా ఉన్నా బయటపడుతుంది. వేలిముద్ర పోల్చినట్టు పోల్చడమే. కాకపోతే ఈ వేలిముద్ర దూరం పెరిగేకొద్దీ చెరిగిపోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పైస్థాయి స్వరాలను గాలి, ఆకులు ముందుగా మింగేస్తాయి. దూరం నుంచి తీసిన రికార్డులో పిట్ట సంతకంలో సగం అక్షరాలే ఉంటాయి.

ఎంపీత్రీ లాంటి ఫైళ్లను పరిశోధకులు ఇష్టపడకపోవడానికి కూడా ఇదే కారణం. ఫైలు చిన్నదవ్వడానికి మనిషి చెవి పట్టించుకోని ముక్కలను అది పారేస్తుంది. వాట్సాప్‌లో పంపిన ఆడియో మరీ నలిగిపోతుంది. రేపు తగువు తేల్చాల్సింది ఆ పారేసిన ముక్కే కావొచ్చు.

ఈ పద్ధతి ఎంత పాతదో చూడండి. ఇప్పటిదాకా తెలిసినంతలో పక్షి శబ్దపు మొదటి రికార్డు 1889 నాటిది. జర్మనీలో లుడ్విగ్ కోహ్ అనే చిన్న పిల్లవాడు ఎడిసన్ యంత్రం మీద, మైనపు గొట్టంలోకి పట్టాడు. అందులో పాడింది పంజరంలోని షామా, మన దేశపు అడవి పాటగత్తె. ఇప్పుడు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఆడియోమాత్ లాంటి పరికరాలు వచ్చాయి. చెట్టుకు కట్టి, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా వినాలో చెప్పి వచ్చేస్తే చాలు. మనిషి అక్కడ దోమలు కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. అలికిడి లేదు కాబట్టి పిట్టా బెదరదు.

72 లక్షల ముక్కలు

ఇక్కడి నుంచి అసలు తలనొప్పి. ఇలాంటి పరికరం ఒకటి రాత్రికి 10 గంటలు రికార్డు చేస్తుందనుకోండి. మంచి నాణ్యతతో గంటకు 345 మెగాబైట్ల దాకా అవుతుంది. 20 పరికరాలు 30 రాత్రులు పెడితే 6,000 గంటలు, 2 టెరాబైట్లు. ఒక మనిషి రోజుకు 8 గంటలు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్క సెలవు లేకుండా విన్నా రెండేళ్లు దాటుతుంది. అందుకే కంప్యూటరుకు అప్పజెబుతారు. బర్డ్‌నెట్ లాంటి సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని 3 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ పిట్ట ఉందో ఊహిస్తుంది.

6,000 గంటలంటే అలాంటి ముక్కలు 72 లక్షలు. మన సాఫ్ట్‌వేర్ చాలా తెలివైనదనుకుందాం. కలివి కోడి లేని చోట ఉందని పొరబడేది 10,000 ముక్కలకు ఒక్కసారేననుకుందాం. అయినా 720 తప్పుడు కబుర్లు వస్తాయి. నెల మొత్తంలో నిజంగా ఆ పిట్ట కూసింది ఐదు సార్లయితే, ఆ ఐదూ ఈ 720 మధ్యలో ఎక్కడో ఉంటాయి. మామూలు పిట్టలతో ఈ బాధ లేదు. పావురమో మైనానో అని యంత్రం చెబితే, అవి అంతటా ఉండేవే కాబట్టి చాలావరకు నిజమే అవుతుంది. యంత్రం తప్పుల రేటు ఒకటే, పిట్ట అరుదయ్యేకొద్దీ దాని మాట విలువ పడిపోతుంది. నా ఫోన్‌లో ఒక యాప్ ఒకసారి పక్కింటి గేటు కిర్రుమన్న చప్పుడుకు హిమాలయాల్లో ఉండే పిట్ట పేరు చెప్పింది. మాది మైదానం.

అరుదైన పిట్టతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. యంత్రం నేర్చుకోవాలంటే రకరకాల రికార్డులు కావాలి. దూరంగా కూసినవి, గాలిలో కూసినవి, కోపంగా కూసినవి. పిచ్చుకకైతే వేలకు వేలు దొరుకుతాయి. కలివి కోడికి ఉన్నవే కొన్ని. ఆ కొన్నిటి మీద తర్ఫీదైన యంత్రం ఆ రికార్డుల వెనకున్న కీచురాయి రొదనే పిట్టగా నేర్చుకునే ప్రమాదం ఉంది.

అడవి కూడా సాయం చేయదు. లంకమల లాంటి చోట సందెవేళ కూసేవి ఎన్నో. తీతువులు, నైట్‌జార్లు, గుడ్లగూబలు, బల్లులు. తూర్పు కనుమల అడవుల్లో జంటతోక ఏట్రింత ఒకటుంది, ఇతర పిట్టల గొంతులు అచ్చు దించేస్తుంది. అడవిలో మిమిక్రీ ఆర్టిస్టు ఉన్నప్పుడు వాయిస్ రికార్డింగ్ ఒక్కటే సాక్ష్యమంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. ఎన్నిసార్లు కూసింది, ఏ వేళకు కూసింది, కూతకూ కూతకూ మధ్య ఎడం ఎంత, చుట్టూ ఎలాంటి పొదలు, ఇవన్నీ కలిస్తేనే కేసు నిలబడుతుంది.

విన్నామన్నవాళ్లు పడ్డ పాట్లు

అమెరికాలో ఐవరీ బిల్డ్ అనే పెద్ద వడ్రంగి పిట్ట ఉండేది. 1935లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు లూసియానా అడవిలో దాని గొంతు రికార్డు చేశారు. తర్వాత పిట్ట కనుమరుగైంది. 2005లో ఆర్కన్సాలో మళ్లీ దొరికిందని పెద్ద ప్రకటన వచ్చింది. మసక వీడియోతో పాటు, చెట్టు మీద రెండు దెబ్బలు కొట్టే ఆ పిట్ట అలవాటును పోలిన శబ్దాలూ రికార్డయ్యాయి. అవతలివాళ్లు ఊరుకోలేదు. బ్లూ జే అనే పిట్ట అలాంటి గొంతు అనుకరించగలదన్నారు. దూరాన తుపాకీ పేలినా, ఎగిరే బాతుల రెక్కలు ఒకదానికొకటి తగిలినా అలాంటి ‘టక్ టక్’ వస్తుందన్నారు. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. గమనించాల్సింది ఏమిటంటే, పోల్చడానికి 1935 నాటి ఆ రికార్డే లేకపోతే అసలు తగువు పడటానికి కూడా వీలుండేది కాదు.

ఆస్ట్రేలియాలో నైట్ పారట్ అనే రాత్రి చిలుకది ఇంకా చిత్రమైన కథ. 1990లో రోడ్డు పక్కన ఒకటి, 2006లో ఇంకొకటి, రెండూ చచ్చినవే దొరికాయి. 2013లో బతికున్నదాని ఫొటో వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ఇంకొన్ని చోట్ల కూడా ఉందని ప్రకటనలు వచ్చాయి. ఆ ఆధారాల మీద అనుమానాలు ముదిరి, నిపుణులు మళ్లీ పరిశీలించాక, 2019లో వాటిని ప్రకటించిన సంస్థే కొన్ని రికార్డులను వెనక్కి తీసుకుంది. ఫొటోలాగే ఆడియోకు కూడా ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అనే చరిత్ర కావాలని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

కానీ ఆ పిట్ట కథ అక్కడ ఆగలేదు. గ్రేట్ శాండీ ఎడారిలో న్గురుర్‌ప అనే ఆదివాసీ రేంజర్లు తమ నేలలో రికార్డర్లు పెట్టి, శాస్త్రవేత్తలతో కలిసి ఆ శబ్దాలను విశ్లేషించారు. 2024లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం అక్కడ 50 దాకా రాత్రి చిలుకలు ఉండొచ్చు. ప్రపంచంలో తెలిసినంతలో అదే పెద్ద గుంపు. ఎక్కడ పెట్టాలో తెలిసినవాడి చేతిలో రికార్డరుకూ, మ్యాపు చూసి పెట్టేవాడి చేతిలో రికార్డరుకూ చాలా తేడా ఉంది. రెడ్డిపల్లె వేటగాడి కథ కూడా అదే కదా.

వినపడలేదంటే?

కలివి కోడికి 2008 తర్వాత ఏళ్ల తరబడి ఖాయమైన ఆధారం లేదు. పిట్ట లేదని అర్థమా? కాస్త లెక్క చూద్దాం. పిట్ట ఉన్న చోటే మీరు కూర్చున్నా, అది ఆ రోజు కూసి, మీకు వినపడే అవకాశం పదింట ఒకటి అనుకోండి. పది సాయంత్రాలు వరసగా కూర్చున్నా, ఒక్కసారి కూడా వినకుండా తిరిగొచ్చే అవకాశం 35 శాతం. ముప్పై సాయంత్రాలు కూర్చుంటే 4 శాతానికి దిగుతుంది. అంటే ఒక వారం వెళ్లొచ్చి ‘లేదండీ’ అనేవాళ్ల మాటకు పెద్ద బరువు లేదు. పైగా జంట దొరకని ఒంటరి పిట్టలు, జనం తిరిగే చోట పిట్టలు తక్కువ కూయొచ్చు. నిశ్శబ్దానికి విలువ రావాలంటే ఎన్ని రాత్రులు, ఎన్ని చోట్ల, ఏ వేళల్లో విన్నారో కూడా రాసిపెట్టాలి. మనవాళ్లు దొరికింది రాస్తారు, దొరకని రోజుల డైరీ రాయరు. పరిశోధకులు కూడా ఆ విషయంలో మనలాంటివాళ్లే.

2025 ఆగస్టులో ఈ ప్రాంతంలోనే కలివి కోడి కూత మళ్లీ రికార్డయిందన్న వార్త పక్షి పరిశీలకుల్లో గుప్పుమంది. మొదట బయటికొచ్చింది శబ్దమే. నలభై ఏళ్ల కింద పిట్టను చేత్తో పట్టుకుంటే తప్ప నమ్మని లోకం ఈసారి ఆ శబ్దం మీద మాట్లాడుకుంది. 2004 నాటి రికార్డే లేకపోతే, ఆ సాయంత్రం విన్నవాళ్లు దాన్ని ఏదో రాత్రి పిట్ట అనుకుని లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఇలాంటి వార్త రాగానే జనం బ్లూటూత్ స్పీకర్లతో బయల్దేరతారు, అదే నా టెన్షన్. రికార్డు వినిపిస్తే పిట్ట జవాబిస్తుంది, నిజమే. సర్వేల్లో పరిశోధకులు లెక్క ప్రకారం ఈ పద్ధతి వాడారు కూడా. కానీ పిట్ట లెక్కలో అది తన ఇంట్లోకి దూరిన పరాయి పిట్ట. మేత మానేసి, గుడ్లు వదిలేసి తగువుకు వస్తుంది. రోజుకో బృందం వచ్చి స్పీకరు పెడితే, వేటగాడి అవసరం లేకుండానే ఆ చోటు ఖాళీ అవుతుంది. అందుకే అరుదైన పిట్టలు కూసిన కచ్చితమైన చోటును, పరిశీలకులు తాము చూసిన, విన్న పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ లాంటి వేదికలు బయటపెట్టవు. ‘మాకెందుకు చెప్పరు’ అని కోప్పడేవాళ్లను చూశాను. చెప్పకపోవడమే సరి.

కడప, నెల్లూరు, అనంతపురం జిల్లాల్లో అడవి అంచున చేలు ఉన్నవాళ్లకు మాత్రం ఎవరికీ లేని సౌకర్యం ఉంది. రాత్రిపూట అభయారణ్యంలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, సొంత చేను గట్టు మీద కూర్చోవడానికి అక్కర్లేదు. తెలియని కూత వినపడితే ఫోన్‌లో రికార్డు నొక్కండి. కూత ఆగినా ఇంకో నిమిషం ఆపకండి, చుట్టూ ఏమున్నాయో కూడా పడాలి. చివర్లో తేదీ, వేళ, చోటు మీ గొంతుతోనే చెప్పండి. ఫైలును కత్తిరించొద్దు, శుభ్రం చేయొద్దు, వాట్సాప్‌లో కాకుండా అసలు ఫైలే తెలిసినవాళ్లకు ఇవ్వండి. ఊరి గ్రూపులో పెట్టకండి. పొద్దుగూకకముందే వెళ్లి కూర్చోండి. దగ్గు ఉంటే మాత్రం ఆ రోజుకు ఇంట్లోనే ఉండండి.